కార్డు పోతే కంప్యూటరంతా పోయినట్లేనా?

మన ఇల్లు – మన పనిముట్లు



తొలకరి ఉరుములు, మెరుపులు వచ్చి వెళ్లిన తరువాత మమ్మును అడిగే ప్రశ్న ఒకటి ప్రతి ఏడూ తప్పకుండా ఉంటుంది. "అయ్యగారూ, కంప్యూటరు ఆన్ అవుతున్నది గాని నెట్టు రావడం లేదు. షాపులో చూపిస్తే బోర్డు పోయింది, కొత్తది వేయించుకోమన్నారు. ఏమి చేయమంటారు?" అని. అడిగేది ఒకసారి డిగ్రీ చదివే పిల్లవాని తండ్రి, ఒకసారి ఇంటిలోనే జిరాక్సు, ఆన్‌లైను దరఖాస్తుల పని చేసుకొని బ్రతికే సహోదరి, ఒకసారి మందిరపు లెక్కలు వ్రాసే సంఘపెద్ద. ఆ కంప్యూటరు వారికి అలంకారము కాదు. పట్టణములో ఆఫీసులు పాతవి అమ్మివేసినప్పుడు పంట డబ్బులోనుండి కొంత తీసి కొన్నది. దానిలో వేలు పెట్టి కొత్త బోర్డు వేయించుట అంటే ఇంకొక అవసరము ఆపుకొనుటయే.

అటువంటి వారందరికీ మేము ముందుగా చెప్పే మాట ఒక్కటే. ఒక అవయవము పాడైనంత మాత్రాన యంత్రమంతా పాడైనట్లు కాదు. డెస్క్‌టాప్ కంప్యూటరును తయారు చేసినవారే "రేపు ఏదైనా కావలసివస్తే ఇక్కడ పెట్టుకొనండి" అని దాని లోపల ఖాళీ చోట్లు వదిలిపెట్టినారు. ఆ చోట్లను స్లాట్లు అంటారు. వాటిలో గ్రుచ్చే పలకలను కార్డులు అంటారు. కార్డు బిగించుట, తీయుట పెద్ద విద్య కాదు. అయితే అందులో ఒక క్రమము ఉన్నది. ఆ క్రమము తప్పితే కార్డే కాదు, మనిషికే ప్రమాదము రావచ్చును. గనుక ఈ నెల ఆ క్రమమును గూర్చి వివరముగా వ్రాయుచున్నాము.

స్లాటు అంటే ఏమిటి?

మనము వాడుకలో "సీపీయూ" అని పిలిచే ఆ నిలువు పెట్టె ప్రక్క మూత తీసి చూస్తే, లోపల ఒక పెద్ద పచ్చని లేక నల్లని పలక కనబడుతుంది. అదే మదర్‌బోర్డు. దానిమీద పెట్టె వెనుక వైపునకు దగ్గరగా, సన్నగా పొడవుగా, నడుమ చీలికగల ప్లాస్టిక్ పట్టీలు వరుసగా ఉంటాయి. అవే స్లాట్లు. వాటికి ఎదురుగా పెట్టె వెనుక గోడకు సన్నని రేకు మూతలు ఉంటాయి. కార్డు అంచున బంగారు పూతగల పళ్లు ఉంటాయి. ఆ పళ్లు స్లాటులోనికి దిగితే కార్డుకు, బోర్డుకు సంబంధము కలుగుతుంది. కార్డు చివరనున్న రేకు పట్టీ వెనుక గోడకు బిగుస్తుంది. మనము తీగలు తగిలించే రంధ్రములు ఆ పట్టీలోనే ఉంటాయి.

ఈ ఏర్పాటు చాలా పాతది. 1981లో ఐబీఎం కంపెనీ తన మొదటి పీసీని విడుదల చేసినప్పుడు దానిలో 5 స్లాట్లు పెట్టింది. తెరమీద బొమ్మ రావాలన్నా ఆనాడు కార్డు కావలసినదే, ప్రింటరు నడవాలన్నా కార్డు కావలసినదే. ఎవరైనా తయారు చేసి అమ్ముకొనుటకు వీలుగా ఆ స్లాటు వివరములను కంపెనీ దాచక ప్రచురించింది. ఆ రకము కంప్యూటర్లు లోకమంతా వ్యాపించుటకు ఇదొక ముఖ్య కారణము.

మన తెలుగు అక్షరములకును ఈ కార్డులతో ఒక బంధమున్నది. 1988లో పూణెలో ఏర్పడిన సి-డాక్ అను ప్రభుత్వ సంస్థ "జిస్ట్" అను కార్డును తెచ్చింది. ఆ దినములలో కంప్యూటర్లు డాస్ అను పద్ధతిమీద నడిచేవి. వాటికి ఇంగ్లీషు తప్ప మరొకటి తెలియదు. ఈ కార్డును స్లాటులో గ్రుచ్చితే తెలుగు, హిందీ, తమిళము మొదలైన లిపులు తెరమీద కనబడేవి. అంటే మన అక్షరములు కంప్యూటరులోనికి ప్రవేశించిన తొలి ద్వారములలో ఒకటి ఈ స్లాటే. తరువాత యూనికోడ్ వచ్చింది. 1991లో వెలువడిన దాని మొదటి ప్రతిలోనే తెలుగునకు చోటు దొరికింది. ఇప్పుడు తెలుగు కొరకు ప్రత్యేకమైన కార్డు అవసరము లేదు.

అట్లే శబ్దము, నెట్‌వర్కు మొదలైన చాలా పనులు కాలక్రమమున మదర్‌బోర్డులోనే కలిసిపోయినవి. అయినను స్లాట్లు మాత్రము పోలేదు. బోర్డులో కలిసిపోయిన భాగము చెడిపోయినప్పుడు ఆ పనిని బయటినుండి తెచ్చిన కార్డు చేయగలదు. మెరుపు దెబ్బకు నెట్‌వర్కు పోర్టు కాలిపోయినవారికి ఇదే మార్గము.

ముందు రోగము తెలిసికొనవలెను

కార్డు కొనక ముందు నిజముగా పోర్టే పోయినదా అని చూడవలెను. కంప్యూటరు ఆన్ అవుతున్నదా? విండోస్ తెరుచుకొనుచున్నదా? మిగిలిన పనులు జరుగుచున్నవా? అయితే అదే తీగను, అదే రౌటరును వేరొక కంప్యూటరుకు తగిలించి చూడండి. అక్కడ నెట్టు వస్తున్నదంటే తీగ మంచిదే, రౌటరు మంచిదే. మన పెట్టె వెనుక ఆ తీగ దూర్చే రంధ్రము దగ్గర చిన్న దీపము వెలుగుట లేదంటే పోర్టు పోయినదని చాలావరకు నమ్మవచ్చును. ఒక్కొక్కసారి విండోస్‌లోని డ్రైవరు చెడిపోయినా నెట్టు రాదు. గనుక దానిని కూడ ఒకసారి మరల ఎక్కించి చూచుట మంచిది.

పోర్టు ఒక్కటే పోయినచో సాధారణముగా వెయ్యి రూపాయల లోపు దొరికే నెట్‌వర్కు కార్డు సరిపోతుంది. పెట్టె తెరచుట ఇష్టము లేనివారికి యూఎస్‌బీ రంధ్రములో పెట్టుకొనే నెట్‌వర్కు అడాప్టరు కూడ ఉన్నది. దానితో పని జరిగితే అదియు మంచిదే. తెరవనక్కరలేని పెట్టెను తెరవనక్కరలేదు.

కొనక ముందు మూడు కొలతలు

తెచ్చిన కార్డు పట్టక తిరిగి పట్టణమునకు పరుగెత్తే కుటుంబములు అనేకము. బస్సు చార్జీలు, పోయిన కూలి కలిపితే కార్డు ఖరీదుతో సమానమవుతుంది. గనుక మూడు సంగతులు ముందే చూచుకొనండి.

మొదటిది స్లాటు రకము. 1992లో పీసీఐ అను రకము వచ్చింది. 1997 ప్రాంతమున బొమ్మల కార్డుల కొరకే ఏజీపీ అను రకము వచ్చింది. 2004 నుండి పీసీఐ ఎక్స్‌ప్రెస్ అను రకము బోర్డులమీదికి వచ్చి తక్కిన రెంటిని తొలగించింది. పేర్లు దగ్గరగా ఉన్నను పీసీఐ కార్డు ఎక్స్‌ప్రెస్ స్లాటులో పట్టదు. చీలిక చోటు వేరు. బలవంతముగా నొక్కితే రెండును పాడగును. ఎక్స్‌ప్రెస్ స్లాట్లలో పొట్టివి, పొడుగువి ఉన్నవి. సుమారు 2.5 సెంటీమీటర్లు ఉండేది ఎక్స్ 1, సుమారు 9 సెంటీమీటర్లు ఉండేది ఎక్స్ 16. పొట్టి కార్డు పొడుగు స్లాటులో పనిచేస్తుంది. గనుక పొట్టి స్లాటు ఖాళీ లేదని దిగులుపడనక్కరలేదు. నెట్‌వర్కు కార్డులు ఎక్కువగా పొట్టివే. మూత తీసి సెల్‌ఫోనుతో స్లాట్ల ఫోటో తీసికొని దుకాణములో చూపిస్తే మాటలకంటె అదే మేలు.

రెండవది ఎత్తు. ఆఫీసులు అమ్మివేసే పెట్టెలలో చాలా వరకు సన్నని చిన్న రకములు. వాటిలో మామూలు కార్డు నిలువదు. మామూలు కార్డు వెనుక రేకు పట్టీ 12 సెంటీమీటర్లు ఉంటే, చిన్న పెట్టెకు కావలసినది సుమారు 8 సెంటీమీటర్లు. దానిని లో-ప్రొఫైల్ అంటారు. కొన్ని కార్డుల డబ్బాలో రెండు పట్టీలును ఇస్తారు. చిన్న మరలు విప్పి మార్చుకొనవచ్చును. అడిగి చూచి తీసికొనండి.

మూడవది కరెంటు బలము. నెట్‌వర్కు కార్డు, శబ్దపు కార్డు తినేది బహు కొంచెము. బొమ్మల కార్డు, అనగా గ్రాఫిక్స్ కార్డు సంగతి వేరు. పొడుగు స్లాటు ఇవ్వగలిగినది 75 వాట్ల వరకే. అంతకంటె ఎక్కువ కావలసిన కార్డుకు పవర్ సప్లై నుండి వేరుగా తీగ రావలెను. 6 పిన్నుల తీగ మరి 75 వాట్లు, 8 పిన్నుల తీగ 150 వాట్లు ఇచ్చుటకు ఏర్పాటైనవి. చిన్న ఆఫీసు పెట్టెలలో అనేకమునకు ఆ తీగలే ఉండవు. ఆటల కొరకు పిల్లలు పెద్ద కార్డు అడిగినప్పుడు, పవర్ సప్లైమీద అంటించిన చీటీలో ఎన్ని వాట్లని ఉన్నదో చూచి మాట్లాడండి. "చూద్దాములే" అని పెట్టితే పని మధ్యలో కంప్యూటరు ఆరిపోవుట, కొన్నిసార్లు పవర్ సప్లైయే పోవుట జరుగును.

అన్నిటికంటె ముందు కరెంటు

ఈ భాగమును తొందరపడక చదువుమని మనవి. కంప్యూటరు రేకును తాకితే చేయి జివ్వుమంటున్నదని చాలామంది నవ్వుచు చెప్పుదురు. అది నవ్వవలసిన సంగతి కాదు. ఇంటిలో ఎర్త్ లేదు అనుటకు అది గుర్తు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. కంప్యూటరు పవర్ సప్లైలో కరెంటులోని మలినమును వడగట్టే చిన్న భాగములు కొన్ని రేకు పెట్టెకు కలిపి ఉంటాయి. వాటిగుండా కొద్దిపాటి కరెంటు ఎల్లప్పుడు రేకుకు వస్తూనే ఉంటుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోనికి పోతుంది. ఎర్త్ లేకపోతే అక్కడే నిలిచి మన చేతికి తెలుస్తుంది. ఆ కొద్దిపాటిది ప్రాణము తీయదు. అయితే ఏ రోజైనా లోపల తీగ తెగి రేకుకు తగిలినచో, ఎర్త్ లేని ఇంటిలో ఆ రేకు పెట్టెయే కరెంటు తీగ అవుతుంది. తడి చేతితో, వట్టి కాళ్లతో దానిని తాకేది మన బిడ్డలే.

గనుక మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను విరుగగొట్టి రెండు పిన్నుల సాకెట్టులో పెట్టుట మానవలెను. రేకు జివ్వుమంటే కార్డు సంగతి తరువాత చూచుకొనవచ్చును, ముందు ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్త్ చూపించండి. ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్త్ గుంట వేసవిలో ఎండిపోతే సరిగా పనిచేయదు. దానిలో అప్పుడప్పుడు నీళ్లు పోయవలెను. కొత్త కార్డుకంటె ఇది ముఖ్యమైన ఖర్చు.

ఇక పెట్టె తెరచునప్పుడు కరెంటు తీయు క్రమము ఇది. విండోస్‌లో షట్‌డౌన్ చేయండి. తెర నల్లబడితే చాలదు. నిద్రపోయిన యంత్రములో కరెంటు నడుస్తూనే ఉంటుంది. తరువాత గోడ స్విచ్చి ఆపండి. ప్లగ్గు పూర్తిగా ఊడదీయండి. స్విచ్చి ఒక్కటే నమ్మవద్దు. కొన్ని ఇళ్లలో తీగలు తారుమారై స్విచ్చి ఆపినను ఒక తీగలో కరెంటు ఉంటుంది. మానిటరు, ప్రింటరు, నెట్టు తీగలు కూడ తీసివేయండి. ఇన్వర్టరు లేక యూపీఎస్ ఉన్నచో దానినుండియు తీయండి. గోడ కరెంటు పోయినను అది ఇస్తూనే ఉంటుంది. చివరకు కంప్యూటరు ఆన్ బటను ఒక 10 సెకండ్లు నొక్కి పట్టుకొనండి. లోపల మిగిలియున్న కొద్ది విద్యుత్తు ఖర్చయిపోతుంది.

పవర్ సప్లై డబ్బాను మాత్రము ఎవరును విప్పకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ దాని లోపలి కెపాసిటర్లలో ప్రాణాపాయమైన కరెంటు నిలిచియుండగలదు. కార్డు బిగించుటకు ఆ డబ్బాతో మనకు పని లేదు.

కంటికి కనబడని మెరుపు

చలికాలపు పొడి గాలిలో నైలాను దుప్పటి లాగితే చిటపటమనుట మనము ఎరిగినదే. అదే స్థిర విద్యుత్తు. మన వేలికి చురుక్కుమని తెలియవలెనంటే అది సుమారు 2000 నుండి 3000 వోల్టుల వరకు ఉండవలెను. సున్నితమైన చిప్పులు కొన్ని వందల వోల్టులకే దెబ్బతినగలవు. అంటే మనకు ఏమియు తెలియకుండనే చిప్పు పాడైపోవచ్చును. ఒక్కొక్కసారి వెంటనే చావదు, కొన్ని నెలలు కుంటుతూ నడచి ఆగిపోతుంది. కోస్తా తేమలో ఈ బాధ తక్కువ. రాయలసీమ, తెలంగాణ జిల్లాలలో పొడి దినములలో ఎక్కువ.

దీనికి మందు ఖరీదైనది కాదు. నూలు బట్టలు కట్టుకొనండి. పట్టుచీర, నైలాను, ఉన్ని వద్దు. ప్లాస్టిక్ చాపమీద కాక చెక్క బల్లమీద పని చేయండి. కార్డు ముట్టుకొనక ముందు పెట్టెలో రంగు వేయని రేకు భాగమును వట్టి చేతితో తాకండి. పనిలో నడుమ నడుమ మరల తాకండి. అప్పుడు మన శరీరమును పెట్టెయు సమమవుతాయి, చిప్పుగుండా ఏదియు దూకదు. చేతికి కట్టుకొనే స్ట్రాప్ కూడ దుకాణములలో దొరుకుతుంది. దానిలో మన రక్షణ కొరకు పెద్ద రెసిస్టరు పెట్టి ఉంటారు. వట్టి రాగి తీగ చేతికి చుట్టుకొని గోడ ఎర్త్‌కు కట్టుకొనుట మాత్రము ఎన్నడును చేయవద్దు. అది ప్రాణము మీదికి తెచ్చును.

బిగించు విధము

పగటి వెలుతురులో ఈ పని పెట్టుకొనండి. ఇంటిలో ఇంకొకరు టార్చి పట్టుకొని ప్రక్కన ఉంటే మంచిది. మరలు వేసికొనుటకు ఒక చిన్న గిన్నె, ఒక స్టార్ స్క్రూడ్రైవరు చాలును.

1. పెట్టెను ప్రక్కకు పండుకోబెట్టండి. స్లాట్లు పైకి చూచునట్లు ఉండవలెను. దుమ్ము ఉంటే మెత్తని బ్రష్షుతో దులపండి. ఫ్యాను తిరుగకుండ వేలితో పట్టుకొనండి.

2. కార్డు పెట్టదలచిన స్లాటుకు ఎదురుగానున్న రేకు మూత తీయండి. కొన్నిటికి మర ఉంటుంది, కొన్ని విరిచి తీయవలెను. ఆ రేకు అంచు బ్లేడువలె కోస్తుంది, జాగ్రత్త. మూతను దాచిపెట్టండి.

3. కార్డును సంచిలోనుండి తీయునప్పుడు అంచులు, రేకు పట్టీ మాత్రమే పట్టుకొనండి. బంగారు పళ్లు తాకవద్దు. వేలి చెమట, నూనె వాటికి చెరుపు చేస్తాయి.

4. రేకు పట్టీ కొనను పెట్టె గోడ సందులోనికి దించి, పళ్లను స్లాటుమీద సరిగా నిలుపండి. రెండు బొటన వ్రేళ్లతో రెండు ప్రక్కల సమానముగా నిట్టనిలువుగా నొక్కండి. కొంత బలము కావలెను గాని బోర్డు వంగునంత కాదు. పొడుగు స్లాటు చివర చిన్న కొక్కెము "టక్" మంటుంది. ప్రక్కనుండి చూస్తే పళ్లు ఒక చివర పైకి, ఒక చివర లోపలికి కాక సమానముగా దిగియుండవలెను. దిగకపోతే తీసి చీలిక చూచుకొనండి గాని సుత్తి పనికి దిగవద్దు.

5. రేకు పట్టీకి మర బిగించండి. ఈ మర వేయక వదిలివేసినచో తీగ లాగినప్పుడెల్లా కార్డు కదిలి కొద్ది దినములలో సంబంధము తప్పుతుంది.

6. గ్రాఫిక్స్ కార్డు అయితే వేరు కరెంటు తీగ దానికి తగిలించండి. ప్రాసెసరు కొరకైన తీగ చూచుటకు దానివలెనే ఉంటుంది గాని దాని పిన్నుల ఆకారము వేరు. సులువుగా దిగనిది మనది కాదని తెలిసికొనండి.

7. మరలు లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే అది దొరికే వరకు కరెంటు పెట్టవద్దు. బోర్డు క్రింద పడిన చిన్న మర బోర్డునంతటిని కాల్చగలదు.

మొదటిసారి ఆన్ చేయునప్పుడు

మూత పెట్టి, తీగలన్నియు తగిలించి ఆన్ చేయండి. గ్రాఫిక్స్ కార్డు వేసినవారు మానిటరు తీగను ఆ కార్డుకే తగిలించవలెను. పాత అలవాటు కొద్ది బోర్డు రంధ్రమునకే తగిలించి, "బొమ్మ రావడము లేదు, కార్డు చెడ్డది" అని తిరిగి ఇచ్చివేయువారు ఎందరో.

పూర్వము ప్రతి కార్డుకు చిన్న జంపర్లు మార్చి, ఒకదానితో ఒకటి తగవుపడకుండ సర్దవలసి వచ్చేది. 1995లో విండోస్ 95 వచ్చినప్పటినుండి కార్డును యంత్రమే గుర్తించు పద్ధతి సామాన్యమైనది. ఇప్పుడు చాలా కార్డులకు విండోస్ తానే డ్రైవరు పెట్టుకొంటుంది. పెట్టుకొనకపోతే డివైస్ మేనేజరులో పసుపు రంగు గుర్తు కనబడుతుంది. నెట్‌వర్కు కార్డు విషయములో ఒక చిక్కు ఉన్నది. డ్రైవరు తెచ్చుకొనుటకు నెట్టు కావలెను, నెట్టుకు డ్రైవరు కావలెను. గనుక ముందుగానే వేరొక చోట డ్రైవరును పెన్‌డ్రైవులో ఎక్కించుకొనండి. లేదా సెల్‌ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి దాని నెట్టు వాడుకొనండి.

ఫోటోలు, లెక్కలు పోవునేమో అని భయపడువారున్నారు. అవి ఉండేది డిస్కులో. నెట్‌వర్కు కార్డులోను, శబ్దపు కార్డులోను అవి ఉండవు. అయితే కొన్ని కార్డులకే డిస్కులు అమర్చి ఉంటాయి. అట్టివి తీయక ముందు తప్పక ప్రతి తీసికొనవలెను. బిట్‌లాకర్ అను తాళము వేసియున్న కంప్యూటర్లు లోపలి మార్పు చూచి రికవరీ కీ అడుగవచ్చును. ఆ సంఖ్యను ముందే కాగితముమీద వ్రాసి ఉంచుకొనండి.

అసలు ఆన్ కాకపోతే కంగారుపడవద్దు. మరల ప్లగ్గు తీసి, కార్డు తీసి, కార్డు లేకుండ ఆన్ చేసి చూడండి. ఆన్ అయితే బోర్డు క్షేమమే. కార్డును మరల నింపాదిగా గ్రుచ్చండి. సగము దిగిన కార్డే చాలాసార్లు ఈ బాధకు కారణము.

తీయు విధము

బిగించుటకంటె తీయుటలోనే స్లాట్లు ఎక్కువ విరుగుతాయి. కారణము ఆ చిన్న కొక్కెమే. పొడుగు స్లాటు చివరనున్న దానిని నొక్కి విడిపించకుండ కార్డును లాగితే కొక్కెము విరుగుతుంది, ఒక్కొక్కసారి స్లాటే లేచి వస్తుంది. గనుక కరెంటు క్రమమంతా మరల పాటించి, వెనుక తీగలు, లోపలి కరెంటు తీగ తీసి, మర విప్పి, కొక్కెము నొక్కిపట్టి, కార్డు రెండు చివరలు పట్టుకొని నిట్టనిలువుగా ఎత్తండి. బిగుసుకొనియుంటే పొడవు వైపున ఒక చివర, తరువాత రెండవ చివర కొద్దికొద్దిగా లేపండి. అడ్డముగా ఊపవద్దు.

తీసిన కార్డును అది వచ్చిన వెండి రంగు సంచి లోపల పెట్టండి. సంచిమీద పెట్టుట వలన ప్రయోజనము లేదు, లోపలనే కాపు. మూసియుంచిన పాత రేకు మూతను తిరిగి బిగించండి. ఆ రంధ్రము తెరచియుంటే గాలి నడక చెడి లోపల వేడి పెరుగుతుంది. మన పల్లెలలో బొద్దింకలు, బల్లులు, చిట్టెలుకలు అదే దారిని లోపల కాపురము పెడతాయి.

పాత కార్డు పళ్లు నల్లబడితే మెకానిక్కులు పెన్సిలు రబ్బరుతో రుద్దుతారు. గట్టిగా రుద్దితే పలుచని బంగారు పూత అరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన పోగులు రాలని గుడ్డతో తుడుచుట మేలు. బాగుగా ఆరిన తరువాతనే తిరిగి గ్రుచ్చండి.

మెకానిక్కు దగ్గరకు పోవునప్పుడు

వారంటీ ఉన్న కంప్యూటరును, సీలు వేసినదానిని మనము తెరవకూడదు. కాలిన వాసన వస్తున్నను, బోర్డుమీద భాగములు ఉబ్బియున్నను, రేకు జివ్వుమంటున్నను ఇంటిలో ప్రయత్నము చేయవద్దు. తెలిసిన మెకానిక్కు దగ్గరకే తీసికొని వెళ్లండి. వారిలో నమ్మకస్థులు అనేకులున్నారు. వారి కూలి వారికి న్యాయముగా ఇవ్వవలెను.

అయితే అడుగుటకు సిగ్గుపడవద్దు. "ఏ భాగము పోయినది? కార్డు వేస్తే సరిపోదా? తీసిన పాత భాగము మాకు ఇస్తారా?" అను ఈ మూడు ప్రశ్నలు చాలును. ఇచ్చుటకు ముందు పెట్టె లోపలి ఫోటో తీసి, కార్డుమీది పేరు, సంఖ్య ఒక పుస్తకములో వ్రాసికొనండి. తిరిగి తెచ్చుకొన్నప్పుడు సరిచూచుకొనండి. ఇది అనుమానము కాదు, ఇరువురికిని మంచిదైన లెక్క. గొడ్డును సంతకు తోలినవాడు దాని గుర్తులు ఎరిగియుండడా?

మరియొక మనవి. ఈ పని ఇంటిలో అబ్బాయికే అప్పగించి అమ్మాయిని టార్చి పట్టుకొనుటకు మాత్రమే పిలువవద్దు. ఇద్దరికీ నేర్పండి. కార్డు బిగించుటకు కావలసినది భుజబలము కాదు, నిదానము. ప్లగ్గు తీసినది తన కన్నులతో చూడక లోపల చేయి పెట్టకూడదని ఒక్కసారి నేర్చిన బిడ్డ ఆ అలవాటును మోటారు దగ్గర, మిక్సీ దగ్గర, పొలములో స్టార్టరు దగ్గర కూడ మరువదు. ఆ బిడ్డ మనకు క్షేమముగా ఉంటే అది కార్డుకు పెట్టిన వెయ్యి రూపాయలకంటె ఎంతో ఎక్కువ లాభము.

ఉరుము వినబడగానే కంప్యూటరు ప్లగ్గును, దానితోపాటు నెట్టు తీగను కూడ తీసి ప్రక్కన పెట్టుట ఈ వర్షాకాలమునుండియే అలవాటు చేసికొనండి. టెలిఫోను తీగతో నెట్టు వాడిన దినములలో మోడెము కార్డులు ఎక్కువగా పోయినది ఆ తీగగుండా వచ్చిన మెరుపు వలననే. ఇప్పుడు నెట్టు తీగగుండా వచ్చినను ఫలితము అదే. రెండు తీగలు తీయుటకు అర నిమిషము చాలును.